తెగే పగ్గం

ఆగస్టు 26

మా ఆయన ఫమావు పోయి ఏడాది దాటింది. ఆయన పడవ మళ్లీ సముద్రంలోకి దిగబోతోంది. పలకల సందుల్లో దూది కొత్తగా కూరించాను, సొరచేప నూనె పూయించాను. ఇక తాళ్లే మిగిలాయి. వాటిని నేనే కొంటానని పడవ నడపబోయే మరిదికి చెప్పేశాను. వదినా, నువ్వు కొంటే బట్టలారేసుకోడానికే పనికొస్తాయి అని త్వాలిబ్ నవ్వాడు.

ఆగస్టు 27

లాము పట్నం బజారుకు వెళ్లాను. తెరచాపను పైకెత్తే మోకుకు మంచి నైలాన్ తీసుకున్నాను. అది తెగితే తెరచాప కట్టిన వాసం నెత్తిన పడుతుంది, అందులో కాంప్రమైజ్ లేదు. తర్వాత పగ్గం సంగతి. తెరచాపను గాలికి పట్టి ఉంచేది అదే. అక్కడున్న తాళ్లలో ఏది ముందు తెగుతుందని అడిగాను. కొట్టు అబూద్ తాత కళ్లజోడు తీసి మరీ చూశాడు. ఇన్నేళ్లుగా కొట్టు నడుపుతున్నా, తెగే తాడు ఇమ్మన్నది నువ్వొక్కదానివే తల్లీ, ఒంట్లో బాగుందా అన్నాడు. బాగానే ఉందన్నాను. కొబ్బరి పీచు తాళ్లు మూడు రకాలు తెచ్చుకున్నాను.

ఆగస్టు 29

త్వాలిబ్ వచ్చి చిందులేశాడు. పగ్గానికి కూడా రేసు పడవలవాళ్ల తాడే కావాలట. ఏనుగు లాగినా తెగదట.

తెలుసు. ఫమావు పగ్గం కూడా తెగలేదు. చేతులు మండి దాన్ని పడవ అడ్డపలకకు కట్టేశాడు. పెద్దగాలి కొట్టింది, పగ్గం వదల్లేదు, పడవ తిరగబడింది. పడవను ఒడ్డుకు లాక్కొచ్చినప్పుడు ముడి అలాగే ఉంది. తాడుకు ఒక్క పోగు లేవలేదు. ఆ తాడు మీద ఉన్నంత కసి నాకు ఏ మనిషి మీదా లేదు.

నేను కట్టను వదినా, చేత్తోనే పట్టుకుంటా, ఒట్టు అన్నాడు. ఫమావు కూడా ఒట్టేశాడు.

ఆగస్టు 31, మధ్యాహ్నం

దూలానికి తాళ్లు కట్టి ఇసుక బస్తాలు వేలాడదీస్తున్నాను. మామూలు గాలికే తెగితే త్వాలిబ్ నడి సముద్రంలో చిక్కుకుంటాడు. పెద్దగాలికి తెగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకటి మరీ నాసిరకం. ఒకటి ఎంత బరువేసినా తెగి చావదు. నడిమిదే ఖాయం చేశాను. పక్కింటి బిషీ తొంగిచూసి, ఏంటే, బస్తాలకు ఉరిశిక్ష పడిందా అంది. నేనూ నవ్వాను.

సెప్టెంబర్ 2

త్వాలిబ్ దొంగచాటుగా నైలాన్ పగ్గం తెచ్చి వల కింద దాచాడు. ముక్కలుగా కోసి, వీధిలో గాడిదలున్న వాళ్లందరికీ పంచేశాను.

సెప్టెంబర్ 3

వాడు నాతో మాట్లాడటం లేదు. పడవ నాది. నా పగ్గంతో కదులుతుంది, లేదంటే ఒడ్డునే పడి ఉంటుంది. అదే మాట కబురు పంపాను.

సెప్టెంబర్ 5, తెల్లవారుజామున

తోటి జాలర్లతో కలిసి పీచు పగ్గంతోనే బయలుదేరాడు. నా మొహం చూడలేదు.

సెప్టెంబర్ 6

తెగింది.

త్వాలిబ్ వంటింట్లో కూర్చుని వీధంతా వినేలా నన్ను తిడుతున్నాడు. వల పోయిందట, చేపలు పోయాయట, దారి పొడుగునా తెడ్లేసుకుంటూ వచ్చారట. పడవ ఒరిగి నీళ్లు లోపలికి వస్తుంటే పటుక్కున తెగిందట. ముడి ఇంకా అడ్డపలకకే ఉందట. ఆ మాట దగ్గర చూపు కంచంలోకి దించాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

కొబ్బరన్నం ఇంకాస్త వడ్డించాను. తిట్టనీ. వాడి గొంతు ఎంత బాగుందో.