మూడింతల మిత్తి

గౌడవెల్లి,
9 ఏప్రిల్ 2007

కాలనీ సెక్రెటరీ జానకిరామయ్య సారుకు, మీ ప్రహరీ గోడ కట్టిన కాంట్రాక్టరు పరంజ్యోతి నమస్తే వెట్టి రాసేది.

సార్, శామీర్‌పేటల మీ కాలనీ గోడ, గేటు అయిపోయి డెబ్బై దినాలైంది. మీరే దగ్గరుండి చూసి బాగుందన్నరు. బిల్లు మాత్రం రాలే. ఇటుకలు మోసిన వజ్రమ్మ రోజు మా వాకిట్ల కూసుంటాంది. ఆమెకు ఏం జెప్పాలె? ఇప్పుడు కొత్త చట్టమొచ్చింది. మా అసుంటి చిన్న కాంట్రాక్టర్లకు నలభై ఐదు దినాలల్ల పైసలియ్యాలె. దాటితే మిత్తి తప్పదు. అది గూడ మూడింతలు. జర ఆలోచన జెయ్యిండ్రి.

ఇట్లు,
మీ పరంజ్యోతి

తా.క.: మిత్తి ఇంటిదాక రాకముందే తేల్చుకుంటె మీకే మంచిది.

---

శామీర్‌పేట,
13 ఏప్రిల్ 2007

శ్రీ పరంజ్యోతి గారికి జానకిరామయ్య వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. తలుపు గడియ పెట్టుకుని జవాబు రాస్తున్నాను. మాది కాకినాడ. అరవై ఆరేళ్ళలో నాకెవరూ ఇలా రాయలేదు. బిల్లు ఆపింది నేను కాదు. గేటు రంగు నచ్చలేదని మా అధ్యక్షుడు బుల్లిబాబు గారు సంతకం పెట్టడం లేదు. మిత్తి ఎవరికైనా తప్పదు, నిజమే. దానికి గడువు పెట్టడానికి మీరెవరు? మూడింతలంటే నన్నూ, మా ఆవిడ కామేశ్వరమ్మనూ, బుల్లిబాబు గారినీ కలిపి లెక్కేశారా?

భవదీయుడు,
జానకిరామయ్య

తా.క.: మా ఆవిడకు ఏ సంబంధమూ లేదు. ఆమెను వదిలేయండి.

---

గౌడవెల్లి,
18 ఏప్రిల్ 2007

జానకిరామయ్య సారుకు నమస్తే.

అమ్మను నేనెందుకు పట్టుకుంట సార్? మిత్తి కమిటీల ఉన్నోళ్లకే. బుల్లిబాబు సారుకు సుత తప్పదు. గడువు వెట్టింది నేను గాదు, సర్కారు. దుండిగల్ల వకీలు స్టీఫెన్ సారు సదివి జెప్పిండు. నెలనెలకు మిత్తి మీద మిత్తి పడతదంట. నాకేం సంబురం గాదు. నా భార్య ఎలీషమ్మ గొలుసు కుదువవెట్టి సగం కూలి ఇచ్చిన. మిగిలిన సగానికి భిక్షం మేస్త్రి నా బండి గుంజుకపోయిండు. ఇగ ఆగుడు నాతోని కాదు.

ఇట్లు,
పరంజ్యోతి

తా.క.: సోమవారం పొద్దుగాల వస్తున్న. కమిటీనంత ఒక్కకాడ కూసోవెట్టుండ్రి. అందరిది ఒక్కసారే అయిపోతది.

---

గౌడవెల్లి,
24 ఏప్రిల్ 2007

సెక్రెటరీ సారుకు,

నిన్న మీ గేటు కాడ ఆటో దిగంగనే పోలీసోళ్లు పట్టుకున్నరు. పొద్దంత స్టేషన్ల కూసోవెట్టిండ్రు. ఎలీషమ్మ ఏడ్సుకుంట చర్చికి ఉరికింది. వకీలు సారొచ్చి చట్టం చూపెడితే ఎస్సై పడిపడి నవ్విండు. నాకు నవ్వు రాలే.

సార్, మా దిక్కు మిత్తి అంటె వడ్డి. సావు గాదు. మూడింతలంటె బ్యాంకు వడ్డికి మూడింతలు. ఇరవై ఏండ్లసంది గోడలు కడుతున్న, ఒక్క మనిషిని తిట్టలే. మీ వడ్డి నాకొద్దు. కష్టం పైసలియ్యిండ్రి, సాలు.

పరంజ్యోతి

తా.క.: ఇగ నేను ఎవ్వలకు ఉత్తరం రాయ.

---

శామీర్‌పేట,
27 ఏప్రిల్ 2007

పరంజ్యోతి గారికి, మీ ఎదుటికి వచ్చే ముఖం లేక వ్రాస్తున్నాను.

మా వైపు మిత్తి అంటే మృత్యువు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటూ పక్కింటివారి మాట నేర్చుకోకపోవడం నా తప్పు. క్షమించండి. మీ రెండో ఉత్తరం చూడగానే బుల్లిబాబు గారు చెక్కు మీద సంతకం పెట్టేశారు. గేటు రంగు కూడా నచ్చిందన్నారు. ఆ చెక్కు మీ చేతికిచ్చే ధైర్యం ఎవరికీ లేకే పోలీసులను పిలిచాం. మీరు వద్దన్నా చట్టప్రకారం వడ్డీ కలిపి పంపుతున్నాను. ముందు ఆ తల్లి గొలుసు విడిపించండి.

ఇక ఉత్తరాలు రాయనన్నారు. నా కోసం ఒక్కటి రాయండి. జీడిమెట్లలో నేను పదహారేళ్ళు పనిచేసిన ఫ్యాక్టరీవారు నాలుగేళ్ళుగా నా గ్రాట్యుటీ ఇవ్వడం లేదు. మర్యాదగా పదకొండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. పన్నెండోది మీ మాటల్లో వెళ్ళాలి.

మీ
జానకిరామయ్య

తా.క.: యజమానిది రాజమండ్రి. మిత్తికి అర్థం మాత్రం రాయకండి.