కరెంటు పోయిన ఆదివారం

కృష్ణపట్నం

డాక్టరమ్మ గారికి వందనాలు.

పోయినసారి మీరు మా ఎవాంజెలిన్‌ను ఆయాసం ఎట్లా ఉందని అడిగితే, దాన్ని నోరు తెరవనీయకుండా నేనే జవాబు చెప్పాను. చర్చిలో ప్రతి ఆదివారం పాడుతోంది, బాగా తగ్గిపోయింది అన్నాను. నా మాట నమ్మి మీరు పీల్చే మందు తగ్గించారు.

మొన్న కీర్తన మధ్యలో కరెంటు పోయి మైకులు ఆగిపోయాయి. పాడే పిల్లలందరి గొంతులూ వినపడ్డాయి, దానిది తప్ప. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఇంటికొచ్చి అడిగితే, "చరణం సగానికే ఊపిరి చాలదు మా. నువ్వు ముందు వరసలో కూర్చోని మురిసిపోతా ఉంటివి, ఎట్ట చెప్పేది?" అనింది.

మీకు మొహం చూపించలేక ఈ ఉత్తరం దాని చేతికే ఇచ్చి లోపలికి పంపాను. నేను బయట బెంచీ మీదే ఉన్నాను. ఈసారి దాన్నే అడగండి.

ఎవాంజెలిన్ తల్లి