పదహారో పేజీ అంచున

లైబ్రరీ మేడమ్ గారికి నమస్కారం.

మీరు నన్ను ఎరగరు. స్టూడెంట్లు చదువుకోవడానికి మీరు స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టిన పాఠం ఉంది కదా, ఆ పుస్తకం ఇచ్చిన లెక్చరర్ గారి భార్యను. పదహారో పేజీ అంచున పెన్సిల్ రాత ఉందనీ, శుభ్రమైన కాపీ పంపమనీ మీరు ఆయనకు కబురు పెట్టారట. ఆ రాత నాది. ఆయన్ని ఏమీ అనకండి.

నేను ఏడో తరగతి దాకానే చదివాను. ఆయన కాలేజీకి వెళ్ళాక ఆయన పుస్తకాలు తీసి చదువుతాను. అనుమానం వస్తే అంచున రాసి, సాయంత్రం చెరిపేస్తాను. ఆ రోజు ఆయన తొందరగా వచ్చేసరికి కంగారులో మరిచిపోయాను. మర్నాడే పుస్తకం మీ దగ్గరికి వచ్చేసింది.

"తక్కువ మాట్లాడేవారికి అభిప్రాయాలూ తక్కువే" అని అందులో ఉంది. పక్కన నేను "వాళ్ళను అడిగి చూశారా?" అని రాశాను. అంతే.

ఇప్పుడు క్లాసంతా అదే పట్టుకుందట.

"పుస్తకం అరువు తీసుకున్న గడుగ్గాయి ఎవడో రాశాడే! గురువారం జవాబు చెప్తానని మాటిచ్చి ఇరుక్కున్నాను" అంటూ ఆయన ఇల్లంతా తిరుగుతున్నారు. తోటి లెక్చరర్లను అడిగారు. ఫోన్ చేసి మా బావగారినీ అడిగారు. నా చేతిరాత ఆయన ఎప్పుడు చూశారు గనక!

పుస్తకం ఇంటికి తిరిగొచ్చింది గనక రాత చెరిపి, వీధి చివర ఆ పేజీ జిరాక్స్ తీయించి ఈ ఉత్తరంతో పెట్టాను. కానీ కంప్యూటర్లో ఉన్న పేజీని గురువారం దాకా మార్చకండి మేడమ్. ఆ రాత పోతే ఆయన జవాబు చెప్పకుండా తప్పించుకుంటారు. ఈలోపు నన్ను కూడా అడుగుతారేమో చూస్తాను.

ఇట్లు,
లెక్చరర్ గారి భార్య