మధ్యాహ్నం పిట్టలు రావు

గురువారం, హిమాయత్‌నగర్

రేపు గేమ్ కంపెనీ వాళ్లు కాలేజీకొచ్చి నేను తయారుచేసిన కంప్యూటర్ ఆట చూస్తారు. నచ్చితే ట్రైనింగ్‌కు తీసుకుంటారు. మంచె మీద నిలబడి, జొన్నచేను మీద వాలే పిట్టలను వడిసెలతో రాళ్లు విసిరి తోలడమే ఆట. వడిసెల! ఆ మాట పలికితేనే చేయి గిర్రున తిరిగినట్టుంటుంది.

సాయంత్రం, ఊళ్లో చేను కావలి కాసిన బాపుతో ఆడించాను. కాసేపటికే నవ్వాడు.

“మిట్టమధ్యాహ్నం గిన్ని పిట్టలేంది బిడ్డా? ఎండకు అవి గూడ నీడ పట్టుకుంటయి. పొద్దుగూకంగ వస్తయి. ముందుగాల ఒక్కటొచ్చి చూస్తది, ఎనుకనే మంద దిగుతది.”

“అందాక ఖాళీగ ఉంటే ఆడేటోళ్లకు బోర్ కొట్టదా బాపు?”

“కావలి అంటే గదే మరి.”

బాపు చెప్పినట్టే కోడ్ మార్చాను. ఇప్పుడు మధ్యాహ్నమంతా గాలికి చేను ఊగుతుంది, అంతే. రేపు కంపెనీ వాళ్లు ఆట ఆగిపోయిందనుకుంటారేమో. పాతదే చూపిస్తే ఏ గొడవా లేదు...

ఇందాక కొత్తది ఆడి చూశాను. చాలాసేపటికి ఒక్క పిట్ట వచ్చి కంకి మీద వాలింది. నేను రాసిన పిట్టే, అయినా ఊపిరి బిగబట్టాను.

పాతదాన్ని తుడిచేశాను. వాళ్లు అంతసేపు ఆగుతారో లేదో.