వసీలి నేర్పిన చెవి

చిరంజీవి నీలిమకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ అమ్మ పొద్దున్నే లేచి నా మీద కేకలేస్తోంది కాబట్టి ఆమె ఆరోగ్యానికి లోటు లేదు. నువ్వు కూడా అక్కడ మలావీలో వేళకు తింటూ బాగున్నావనుకుంటాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. మందు మానేశాకే తగ్గింది, డాక్టరుకు చెప్పకు. కోహ్కాలో మన ఇంటికి సున్నం వేయించాం. చేతిపంపుల రిపేరు నేర్చుకు రమ్మని నువ్వు అక్కణ్నుంచి పంపిన ముగ్గురు ఆడ మెకానిక్కులూ రిసాలి ట్రైనింగు సెంటర్లో ఇరవై రోజులు సుఖంగా ఉన్నారు. మన అన్నం తిన్నారు, ఆవకాయ కూడా తిన్నారు. వాళ్లలో తమాండా అనే ఆమె మీ అమ్మను అడిగి మరీ ఒక సీసా పుచ్చుకుంది. ఈ ఉత్తరం కూడా ఆమె చేతికే ఇస్తున్నాను. ఇవన్నీ ఫోనులో చెప్పడం నా వల్ల కాదు.

ఇక అసలు ప్రశ్న. ఇంకో మూడేళ్లు అక్కడే ఉండడానికి నెలాఖరులోగా సంతకం పెట్టాలన్నావు. “నా పని పనికిరానిదని నీకింకా అనిపిస్తే చెప్పు నాన్నా, వచ్చేస్తాను” అని రాశావు. దానికి జవాబు చెప్పాలంటే ఇక్కడ జరిగింది చెప్పాలి.

సెంటరువాళ్లు తెర మీద బొమ్మలు వేసి చేతిపంపు పాఠం చెబుతుంటే ఆ ముగ్గురికీ కునుకు పట్టిందట. అక్కడ పనిచేసే కల్యాణి, మన నరసింగరావు మనవరాలు, ఇంటికొచ్చి నన్ను రమ్మంది. రానన్నాను. వాళ్లకు పది దేశాలు కలిసి పంపులు దానం చేస్తే బాగుచేయడానికి నేనా అన్నాను. మీ అమ్మ ఊరుకుంటుందా?

“స్టీలు ప్లాంటు పంపుహౌసంతా నీ సెవి మీదే నడిసిందని నలబయ్యేళ్లుగా నా బుర్ర తినేస్తన్నావు. ఎల్లి సూపించు మరి. ఏటి, బయమేస్తందా?” అంది.

ఆ మాట విన్నాక ఇంట్లో ఎలా కూర్చుంటాను?

క్యాంప్ 2 బస్తీలో ఏళ్ల తరబడి నీళ్లివ్వని పంపు ఒకటుంది. ముగ్గురినీ అక్కడికి తీసుకెళ్లాను. పంపు తలకు ఇనుపకడ్డీ ఒక కొస ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకు పెట్టుకోమన్నాను. ఒకరు పంపు కొడుతుంటే ఇంకొకరు వినాలి. లోపల వాల్వు సరిగా కూర్చుంటే టక్కుమంటుంది. వాషరు అరిగితే బుస్సుమంటుంది. తమాండా కళ్లు మూసుకుని చాలాసేపు విని, నోటితో బుస్ అని చూపించింది. విప్పి చూస్తే వాషరు పీలికలై ఉంది. కొత్తది వేసి కొడితే మొదట తుప్పునీళ్లు, తర్వాత తేటనీళ్లు వచ్చాయి. గల్లీ ఆడవాళ్లంతా బిందెలతో పరుగెత్తుకొచ్చారు. హైమవతి అనే పెద్దావిడ తమాండా నెత్తి మీద చెంబుడు నీళ్లు కుమ్మరించింది. ఇద్దరూ చేతులు పట్టుకుని గంతులేశారు. నా సర్వీసు మొత్తంలో ఒక పంపు చుట్టూ అంత నవ్వు నేను చూడలేదు.

అప్పుడు తమాండా పుస్తకం తీసి ఏదో అడిగింది.

“తాతా, మీ ఉస్తాద్ పేరేంటని పూఛ్ రహీ హై” అంది కల్యాణి. “ఏ పని ఎవరు నేర్పారో రాసుకుంటుందట. ఊళ్లో అందరికీ నేర్పేటప్పుడు ఆ పేరు చెబుతుందట.”

“నాకెవడూ నేర్పలేదు. అదే రాసుకోమను” అన్నాను.

తమాండా నన్ను పైనుంచి కిందికి చూసి ఏదో అంది. కల్యాణి పకపకా నవ్వింది. “అయితే పుడుతూనే కడ్డీ పట్టుకుని పుట్టాడా అంటోంది తాతా!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ముద్ద దిగలేదు.

నీలిమా, నీకు కూడా చిన్నప్పటి నుంచి అదే చెప్పి పెంచాను. అది అబద్ధం. నాకు పని నేర్పింది వసీలి అనే రష్యా ఫిట్టరు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చాను. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. రెండేళ్లు నన్ను పక్కన నిలబెట్టుకుని, మెడ వంచి కడ్డీకి చెవి పెట్టించాడు. తప్పు చెబితే టోపీ తీసి నెత్తి మీద కొట్టేవాడు. సరిగా చెబితే ఆ టోపీ నాకు పెట్టేవాడు. తోటివాళ్లు “ఏరా రష్యావోడి తోకా” అని ఏడిపించేవారు. అందుకే ఆయన వెళ్లిపోయాక ఆ పేరు ఎత్తడం మానేశాను. అంతా నా గొప్పే అని చెప్పుకున్నాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను.

నువ్వు ఈ ఉద్యోగానికి వెళతానన్నప్పుడు “నన్నెవడు ఉద్ధరించాడు? ఎవడి పేదరికం వాడే తీర్చుకోవాలి, పరాయి దేశాలకు నీ ఊడిగమేటి” అన్నాను. నువ్వు ఏడుస్తూ రైలెక్కావు. తప్పు నాది. ఆనాడు రష్యావాళ్లు ఫర్నేసు కట్టి ఊరికే పోలేదు, పక్కన నిలబెట్టుకుని నేర్పారు. అందుకే మన పొయ్యి మీద అన్నం ఉడికింది, నువ్వు చదువుకున్నావు. నువ్వు అక్కడ చేస్తున్నదీ అదే. ఇది తెలిసి కూడా నిన్ను తిట్టాను.

మర్నాడే ఆ పంపు దగ్గరికి వెళ్లి తమాండాతో వసీలి పేరు రాయించాను. ఆమె కూడా నాకు ఒకటి నేర్పింది. పంపు విప్పే పానా నా సంచిలో వేసుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. నీళ్లు మోసేవాళ్ల దగ్గరే పానా ఉండాలట. హైమవతి చేతికిచ్చి, వాషరు మార్చడం ఆమెతోనే చేయించింది. మొన్న నేను చూద్దామని వెళితే హైమవతి “మీకేటి పని బాబూ ఇక్కడ, మేం సూసుకుంటాం కదా” అని పంపేసింది. రోషం వచ్చింది గానీ, సంతోషం దానికంటే ఎక్కువ వచ్చింది.

కాబట్టి సంతకం పెట్టు. మూడేళ్లూ ఉండు.

ఇంకో మాట. మీ దగ్గర ఆగిపోయిన పంపులు చాలా ఉన్నాయని తమాండా చెప్పింది. పాస్‌పోర్టుకు ఫోటో దిగాను. “ఆ మాడుమొకం సూసి ఏ దేశపోడు రానిత్తాడు” అంటోంది మీ అమ్మ. జీతం వద్దు, తిండీ పడకా చాలు. ప్లాంటులో ఏ ఆఫీసరుకూ నేను తల వంచలేదని నీకు తెలుసు. అక్కడ నీ కింద పనిచేస్తాను. నలుగురిలో మరీ గట్టిగా అరవకు, అంతే.

ఇట్లు,
నీ పిలుపు కోసం చూస్తున్న నాన్న,
గణపతిరావు