అందరూ ఆమెన్ అన్నారు

మేడ్చల్, 13-10-1999, బుధవారం

ఇవాళ మా ఇంట్లో స్త్రీల కూడిక. అత్తయ్య ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజుల్లో తోటికోడలు సరళ ఒక్కసారీ రాలేదని నాకు కోపం. దాన్ని ప్రార్థనలోకి తెచ్చాను. "ప్రభువా, ముసలి అత్తను పట్టించుకోని వారి మనసు మార్చు" అన్నాను. కళ్లు మూసుకున్న పన్నెండు మందీ ఆమెన్ అన్నారు. సరళ కూడా అంది.

అందరూ వెళ్లాక టీ గ్లాసులు కడుగుతూ అడిగింది.

"అక్కా, గది దేవునికి జెప్పినవా, నాకు జెప్పినవా?"

అబద్ధమాడలేకపోయాను. "నీకే. మస్తు కోపమొచ్చింది సరళా."

"కోపమొస్తే నన్నే తిట్టరాదు? ఎందుకు రాలేదని ఒక్కపారన్న అడిగినవా?"

అడగలేదు. అప్పుడు అడిగాను. నెల తప్పిందట. మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పిందట. ఇంతకుముందు రెండుసార్లు పోయింది కాబట్టి, ఈసారి నిలిచేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నారట.

నిలవలేదు.

ఇద్దరం ఏడ్చాం. వెళ్తూ, "నా ముచ్చట మాత్రం ఎవ్వల్కి జెప్పకక్కా" అంది.

కోపం రావడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ అడగాల్సింది ఆమెను, దేవునికి ఫిర్యాదు చేశాను. ఆదివారం చర్చిలో ప్రభుబల్ల రొట్టె తీసుకునే ముందే ఆ పన్నెండు మందికీ, కారణమేదీ చెప్పకుండా, తప్పు నాదేనని చెప్పాలి. ఈసారి ప్రార్థనలో కాదు, కళ్లు తెరిచి.