పదకొండు మంది ఉరుకుందప్పలలో ఎవరూ కాదని ధ్రువపత్రం కోరుతూ

తేది: 8-12-2025, సోమవారం

గౌరవనీయులైన తహసీల్దారు గారి సముఖమునకు,

సిద్ధనదొడ్డి గ్రామ కాపురస్తుడు, మద్దమ్మ కుమారుడు, ఎం.ఏ. తెలుగు రెండవ సంవత్సరం విద్యార్థి శేఖర్ వ్రాసుకొను అర్జీ.

విషయం: నేను బ్లాగులో రాసిన ‘ఉరుకుందప్ప’ అను వ్యక్తి మా గ్రామపు పదకొండు మంది ఉరుకుందప్పలలో ఎవరూ కాదని, సీలుతో కూడిన ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

అయ్యా,

పై విషయము చదివి తమరు ఈ కాగితం పక్కన పెట్టే అవకాశం ఉన్నదని ఎరిగియే, ఈ క్రింది అంశాలు వరుసగా విన్నవించుకుంటున్నాను.

1. నేను రోజూ ఏడు గంటల బస్సుకు ఆదోని పోయి చదువుకుంటున్నాను. మొదటి సంవత్సరంలో మా అధ్యాపకులు ఒకరు, “రోజుకొక పుట రాయండి, ఎవరూ చదవకపోయినా సరే” అన్నారు. తరగతిలో నలభై మంది విన్నారు. నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పటి నుండి ‘మౌనశ్రోత’ అను కలం పేరుతో ఇంటర్నెట్‌లో ఒక బ్లాగు నడిపాను. పాఠకుల సంఖ్య ఇరవై మూడు. అందులో ఒకరు జర్మనీ నుండి ప్రతిరోజూ చదువుతున్నట్లు చూపించేది. ఆ జర్మనీ పాఠకుడు ఇబ్బంది పడకూడదని మా పల్లె మాటలకు అర్థాలు కూడా ఇస్తూ వచ్చాను. అది మనిషి కాదని, లోకంలోని బ్లాగులన్నీ తిరిగివచ్చే యంత్రమని నాలుగు నెలలకు తెలిసింది. ఇది ఫిర్యాదు కాదు. నేపథ్యం మాత్రమే.

2. గోప్యత విషయంలో నేను తీసుకున్న జాగ్రత్తలు తమ పరిశీలనార్థం: బ్లాగుకు వేరే ఈమెయిలు పెట్టాను. దానికి రెండంచెల తాళం వేశాను. కాలేజీ కంప్యూటర్లలో ఎన్నడూ తెరవలేదు. ఊరి పేరు రాయవలసిన చోట ‘ఒకానొక గ్రామము’ అని రాశాను. కూలీల ఆటో ఫోటో పెట్టినప్పుడు నంబరు కనబడకుండా అరగంట కూర్చుని మసక చేశాను. ల్యాప్‌టాప్ కెమెరా మీద బొట్టుబిళ్ళ అంటించాను. ఆ బిళ్ళ మా అమ్మది. ఇంతగా ఎవరి నుండి దాక్కున్నావు అని తమరు అడుగుతారేమో. ఆనాటికి నన్ను వెతికే మనిషి ఒక్కడూ లేడు.

3. మా అమ్మ మద్దమ్మ పత్తి తీసే కూలి. కమలమ్మ గారి గుంపులో పద్దెనిమిదేళ్ళుగా పని చేస్తున్నది. (కమలమ్మ గారి పేరు ఆమె అనుమతితోనే రాస్తున్నాను. అనుమతి ఇచ్చేటప్పుడు నన్ను అన్న మాటలు రాయడానికి మాత్రం అనుమతి లేదు.) గుంపులో పన్నెండు మంది. వీరేష్ అనే అతని ఆటోలో పొద్దున్నే ఎక్కి పోతారు.

ఈ గుంపులో ఒక కట్టడి ఉంది. పత్తి తీసేవాళ్ళు నడుముకు గుడ్డ కట్టుకుని తీసిన పత్తి ఆ ఒడిలో వేస్తారు కదా. సాయంత్రం దాన్ని కుప్పలో పోసి, గుడ్డ విప్పి, గట్టు మీద నిలబడి దులుపుతారు. ఒడి దులిపిన తరువాత ఆ రోజు చేనులో అనుకున్న మాట ఎవరూ ఎత్తకూడదు. ఇంట్లో మొగుడి దగ్గర కూడా. ఎవరి కష్టమైనా, ఎవరి మీది ఎగతాళైనా దుమ్ముతో పాటు అక్కడే వదిలి రావాలి.

నాకు మాటల మీద కొత్తగా పుట్టిన ప్రేమ ఈ కట్టడి మీద పడింది. సాయంత్రం అమ్మ కాళ్ళు కడుక్కునే లోపలే నోటుపుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి.

“మా, ఈ పొద్దు సేన్లో ఏం మాట్లాడుకున్యారు?”

“ఆ మాటలు నీకెందుకప్పా. అది ఆడిదే.”

“నా సదువుకు మా.”

“సదువుకు పనికొస్తాదా?”

“వస్తాది.”

“అట్లయితే రాసుకో.”

పద్దెనిమిదేళ్ళు తప్పని కట్టడిని మా అమ్మ నా ఎం.ఏ. కోసం తప్పింది. నేను దాన్ని ఇరవై రెండు మందికి, ఒక యంత్రానికి చెప్పాను.

4. రాసిన వాటిలో ఒకటి ఒక రైతును గురించినది. ఆయన తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు వేసుకుని పత్తి చేనులోకి వచ్చి, మూడు కాయలు తీసి ముప్పై ఫోటోలు దిగుతాడు. పోయేటప్పుడు కూలీలతో, “ఎండ జాస్తి ఉంది, జాగ్రత్త” అని చెప్పి నీడకు పోతాడు. ఆయన గురించి గుంపు అనుకున్న మాటలన్నీ రాశాను. అసలు పేరు రాయడం అన్యాయమని తోచి పేరు మార్చాను. ఏ పేరు పెడితే ఎవరికీ తగలదా అని బాగా ఆలోచించాను. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకోని ఇల్లు మా ఊళ్ళో లేదు కనుక మొత్తం పదకొండు మంది ఉరుకుందప్పలు ఉన్నారు. అంత మందిలో ఏ ఒక్కరూ బయటపడరు, పత్తి కుప్పలో పత్తి పింజ దాచినట్లు ఉంటుంది అనుకున్నాను. ఈ ఆలోచన వచ్చిన రోజు నన్ను నేనే మెచ్చుకుని బయటికి పోయి రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను.

5. తరువాత జరిగినది. ఆ బ్లాగు లంకె ఎలాగో మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పంపినది మరెవరో కాదు, నేను పేరు మార్చిన ఆ అసలు రైతే. “మన ఊర్లో ఉరుకుందప్ప గురించి ఎవరో భలే రాసినారు, సదవండి” అని ముందు తనే పంపాడు. ఆయనకు తను కనబడలేదు. మొన్న ఆదోని బస్టాండులో టీ కూడా ఇప్పించి, “వాడు అట్లాంటోడేప్పా, నువ్వు తప్పేం రాయలేదు” అని నన్ను ఓదార్చాడు. ఆయన ఎవరని తమరు అడగవచ్చు. చెప్పను. ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నప్పటికీ గట్టిగానే నేర్చుకున్నాను.

మా గుంపులో చదువు వచ్చినవాళ్ళు లేరు కాబట్టి వాళ్ళకు తెలియదని ధైర్యంగా ఉన్నాను. ఫోను చదివి వినిపిస్తుందని నాకు తట్టలేదు. వీరేష్ ఆటో నడుపుతూ లంకె నొక్కి పెట్టాడు. ఫోనులోని ఆడగొంతు రేడియో వార్తల మాదిరి నా రాతంతా చదివింది. మొదట అందరూ నవ్వారట. మా అమ్మ కూడా నవ్విందట. అప్పుడు ఆ గొంతు, “మూడు కాయలు తీసె, ముప్పై ఫోటోలు దిగె, దేవుడు సల్లగ సూడనీ” అని చదివింది.

అయ్యా, ఎవరిని తిట్టినా చివర “దేవుడు సల్లగ సూడనీ” అని కలపడం ఆ గుంపులో ఒక్కరికే అలవాటు. ఆటోలో పదకొండు తలలు ఒకేసారి మా అమ్మ వైపు తిరిగాయి. నా పేరు, నా ఊరు, నా ముఖం, ఆటో నంబరు అన్నీ దాచాను. మా అమ్మ గొంతును మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా పెట్టాను. అదే నా రాతలో అన్నిటికన్నా బాగున్న భాగమని నాకు గర్వం కూడా ఉండేది.

6. ఆ సాయంత్రం నుండి ఉరుకుందప్పలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మొదటి రోజు నలుగురు, రెండవ రోజు అయిదుగురు. వాళ్ళలో ఎవరూ చేనులో ఫోటోలు దిగేవాళ్ళు కారు. ఒకాయన తన బటన్ ఫోను నా చేతిలో పెట్టి, “దీంట్లో ఫోటో యాడ దిగుతాదో సూపియ్యి” అన్నాడు.

“మీరు కాదు పెద్దాయనా.”

“నేను కాదని నాకు తెలుసప్పా. మా కోడలికి ఎవరు సెప్పాల?”

ఎమ్మిగనూరులో మగ్గం నేసుకునే ఉరుకుందప్ప మా ఊరు విడిచి పదిహేనేళ్ళయింది. ఆయనకు సెంటు పత్తి చేను లేదు. ఒక రోజు పని మానుకుని బస్సెక్కి వచ్చి కోప్పడి పోయాడు. ఇంకొకాయనకు అది ఆయన కాదని ఒట్టు వేసి చెబితే, “మరి మా గురించి ఎందుకు రాయల్యా, మేము మనుషులం కాదా?” అన్నాడు. ఆ రోజే బ్లాగు మొత్తం తుడిచేశాను. అప్పటికే వీరేష్ ఆ ఆడగొంతును రికార్డు చేసి పంపి ఉన్నాడు. పెద్దకడుబూరు దాకా పోయిందని సమాచారం.

7. నా అసలు బాధ ఇక్కడ మొదలవుతుంది. ఆ పదకొండు మందిలో ముగ్గురి చేలలో ఏటా కమలమ్మ గారి గుంపే పత్తి తీస్తుంది. ఆ ముగ్గురూ ఈసారి వేరే ఊరి గుంపును పిలుచుకున్నారు. గుంపువాళ్ళు మా అమ్మను ఆటోలోకి రానివ్వడం లేదు. తిట్టలేదు, కొట్టలేదు. ఆమె కూర్చునే చోట సద్దిమూటలు పెడుతున్నారు.

మా అమ్మ పన్నెండు రోజులుగా అదే వేళకు లేచి, సద్ది కట్టుకుని, రోడ్డు మీదికి పోయి నిలబడుతున్నది. ఆటో వస్తుంది. కొంచెం నెమ్మదిస్తుంది. వీరేష్ రోడ్డు అవతలి వైపు చూస్తాడు. పోతుంది. అమ్మ ఇంటికి వచ్చి, మధ్యాహ్నం తినవలసిన సద్దిని నేను బస్సుకు పోకముందే, ఆరున్నరకే తింటుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

నేను కమలమ్మ గారి ఇంటికి పోయాను.

“అక్కా, తప్పు నాది. మాయమ్మను ఎక్కిచ్చుకోండి.”

“నువ్వు సెప్తే ఆ ముగ్గురూ నమ్మేదెట్లప్పా? నువ్వు రాసేటోడివి. ఒగటి సూసి ఒగటి రాస్తావు.”

“ఆ ఉరుకుందప్ప మన ఊరి ఉరుకుందప్పల్లో ఎవరూ కాదక్కా.”

“ఆ మాట సీలేసిన కాగితంలో తే. ఆ ముగ్గురికీ సూపిచ్చి సేను అడుగుతా. పిలిస్తే మీ యమ్మ వస్తాది. నాకేమన్నా మద్దక్క మీద పగ ఉందా? ఆయమ్మ ల్యాక నాకూ నోరు కట్టేసినట్లుంది.”

8. కావున గ్రామ సచివాలయానికి పోయాను. అక్కడి ఉద్యోగిని జ్యోతి గారు (పేరు అనుమతితో) ఓపికగా కంప్యూటరులో వెదికారు.

“కులం ఉంది, ఆదాయం ఉంది, నివాసం ఉంది. ‘వాడు వీడు కాదు’ అనే సర్టిఫికెట్ లిస్టులో లేదు శేఖరన్నా.”

“ఇతరములు అని ఉంటాది గదా.”

“ఉంది. దాంట్లో రెండొందల అక్షరాలే పడతాయి. నీకు సాలవు.”

సోమవారం అర్జీల రోజున స్వయంగా ఇచ్చుకోమన్నది ఆమే. మూడు పుటలకు మించవద్దని కూడా చెప్పారు. ప్రయత్నించాను.

పత్తి ఆఖరి తీత ఇంకా రెండు మూడు వారాలే ఉంది. అది అయిపోతే గుంపంతా కలిసి మిరప కోతలకు దూర ప్రాంతం పోతుంది. ఆ లోపల ఆటోలో చోటు దొరకకపోతే మా అమ్మ ఒక్కతే ఊళ్ళో మిగులుతుంది. తమ సమయం వృథా కాకూడదని పత్రం నమూనా నేనే తయారు చేశాను:

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ‘మౌనశ్రోత’ అనువాడు రాసిన ఉరుకుందప్ప అను వ్యక్తి సిద్ధనదొడ్డి గ్రామములో పుట్టిన, మెట్టిన, విడిచిపోయిన ఏ ఉరుకుందప్పా కాడు. సదరు రాతలో తప్పు రాసినవానిది. మాట చెప్పినవారిది కాదు.”

చివరి రెండు వాక్యాలు నియమాలకు విరుద్ధమైతే మొదటి వాక్యమైనా ఉంచగలరు. ఒక్కటే ఉంచడానికి వీలైతే మాత్రం చివరిది ఉంచగలరు.

పై అంశములు చిత్తగించి, పత్తి అయిపోయేలోగా సీలు వేయించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు, ఇకమీదట అడిగి రాయువాడు,
శేఖర్

తా.క. ఈ అర్జీని నిన్న మధ్యాహ్నం మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె జొన్నలు చేటలో పోసి ఏరుతూ వింది. అయిపోయాక, “ఇంత రాసినావా? కమలక్కకు సదవనీక రాదు గదప్పా. సీలు సూస్తాది, అంతే” అన్నది. కావున పైన రాసినవి తమకు నచ్చకపోతే, ఖాళీ కాగితం మీద సీలు వేసి ఇచ్చినా మాకు సమ్మతమే.

ఆ తరువాత, “దీంట్లో నా పేరు యాడుంది?” అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ వేలి పక్కన తన వేలు పెట్టి కాసేపు చూసింది.

“కమలక్కను అడిగితివి. ఆ ఆఫీసు పాపను అడిగితివి. నన్ను అడిగినావా?”

అయ్యా, అడగలేదు. ఈ అర్జీ రాస్తున్నంతసేపూ అడగాలని కూడా తోచలేదు. కలం తీసి పేరు కొట్టేయబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఉండనీలే. ఆటోలో ల్యాకపాయె. ఈడన్నా ఉండనీ.”

కావున తమరు ఈ అర్జీని తిరస్కరించదలచినచో తిరస్కరించండి. ఆ పేరు ఉన్న కాగితాన్ని మాత్రం ఫైలులోంచి తీసివేయవద్దని మనవి. ఇది ఆమె అనుమతితో రాస్తున్నాను.